250 మందికి కట్టిన రాతి మేడ

1864 అక్టోబరు. అమెరికాలోని క్లార్క్స్‌బర్గ్‌లో రైలు దిగి, దక్షిణానికి వెళ్లే గుర్రబ్బండి ఎక్కారు మీరు. దారంతా కొండలు, వాటి మధ్య ఇరుకు లోయలు. మేపుల్ ఆకులు ఎర్రబారి రాలుతున్నాయి. చక్రం బురదలో దిగబడిన ప్రతిసారీ బండివాడు కిందికి దూకి, భుజం ఆనించి నెట్టి, మళ్లీ ఎక్కి కూర్చుంటున్నాడు. పొద్దు వాలేవేళకు వెస్టన్ చేరారు. నాలుగు అంగళ్లు, ఒక కోర్టు, ఒక బ్యాంకు, పక్కన వెస్ట్ ఫోర్క్ ఏరు. అంతే ఊరు. ఏటికి అవతలి గట్టున మాత్రం ఊరంతటినీ మింగేసేంత పెద్ద రాతి కట్టడం ఒకటి లేస్తోంది.

దగ్గరికి నడవండి. కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఉలి దెబ్బలు. నీలి చాయ తిరిగిన ఇసుకరాయిని చేత్తో చెక్కి, అంచులు సరిచేసి, వరస మీద వరస పేరుస్తున్నారు. రాతిపనివాళ్లలో జర్మనీ వాళ్లున్నారు, ఐర్లండు వాళ్లున్నారు. ఆరేళ్ల కిందట, 1858లో, ఈ పనికి మొదట వచ్చినవాళ్లు వేరు. జైలు నుంచి పంపిన ఏడుగురు నల్లజాతి ఖైదీలు వచ్చారని ఆనాటి స్థానిక పత్రిక రాసింది. మతి చలించినవాళ్లను జైళ్ల నుంచి తప్పించడానికి తలపెట్టిన ఆస్పత్రికి తొలి చెమట ఓడ్చింది జైలు మనుషులే.

కట్టడంలో కొంత భాగమే వాడకానికి సిద్ధమైంది. ఈ నెలలోనే మొదటి రోగులు అందులోకి వచ్చారు. అవతల పరంజాలు అలాగే ఉన్నాయి, ఇవతల మంచాలు వేశారు.

పని ఇంత ఆలస్యం కావడానికి కారణం అంతర్యుద్ధం. 1861 ఏప్రిల్‌లో వర్జీనియా అమెరికా సమాఖ్య నుంచి విడిపోతున్నానంది. ఈ ఆస్పత్రికి ఇచ్చి ఇంకా ఖర్చు కాని సొమ్ము తిప్పి పంపమంది. సొమ్ము ఊళ్లో బ్యాంకులో బంగారంగా ఉంది. దాదాపు 27 వేల డాలర్ల విలువ. అది దక్షిణాది చేతికి పోకముందే, ఉత్తరాది పక్షాన పోరాడుతున్న ఏడో ఒహాయో పదాతిదళం ఊళ్లో దిగి, ఆ బంగారాన్ని స్వాధీనం చేసుకుని వీలింగ్ పట్టణానికి తరలించింది. అక్కడ ఉత్తరాదికి విధేయంగా ఏర్పడిన ప్రభుత్వానికి అది అక్కరకొచ్చింది. ఆ ప్రభుత్వం చలవతోనే 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా వేరు రాష్ట్రమైంది. మీరిప్పుడు నిలబడిన నేలకు రాష్ట్రంగా వయసు పదహారు నెలలు. ఈ మేడకు ప్లాను గీసిన బాల్టిమోర్ వాస్తుశిల్పి రిచర్డ్ స్నోడెన్ ఆండ్రూస్ ఈపాటికి దక్షిణాది ఫిరంగిదళంలో అధికారి. ప్లాను ఒక పక్షానిది, డబ్బు ఇంకో పక్షానిది అయింది. మధ్యలో ఈ ఆవరణలో సైనికులు గుడారాలు వేసుకున్నారు.

చలి తెలియదన్న జైలరు

ఇంత కొండ ప్రాంతంలో, ఇంత డబ్బు పోసి, ఇలాంటి మేడ ఎందుకు? అది తెలియాలంటే 1841 మార్చికి, మాసచూసెట్స్‌లోని ఈస్ట్ కేంబ్రిడ్జి జైలుకు రావాలి.

ఆదివారం. ఆడ ఖైదీలకు బైబిలు పాఠం చెప్పడానికి డొరొతియా డిక్స్ అనే ఉపాధ్యాయిని వచ్చింది. పాఠం అయ్యాక లోపలి గదులు చూసింది. అక్కడ ఏ నేరమూ చేయని ఆడవాళ్లున్నారు. మతి స్థిమితం లేదని తెచ్చి పడేశారు. గదిలో పొయ్యి లేదు. మార్చి నెల చలికి గోడలు మంచుగడ్డల్లా ఉన్నాయి. అడిగితే, పిచ్చివాళ్లకు చలి తెలియదన్నారు.

డిక్స్ అక్కడితో ఊరుకోలేదు. రెండేళ్లు మాసచూసెట్స్ అంతా తిరిగి జైళ్లు, అనాథగృహాలు, పశువుల కొట్టాలు చూసి, ఎక్కడ ఎవరిని ఎలా కట్టేశారో రాసుకుని, 1843లో ఆ చిట్టా మొత్తం శాసనసభ ముందు పెట్టింది. తర్వాత రాష్ట్రం వెంట రాష్ట్రం తిరిగింది. కేంద్రమే భూములిచ్చి, వాటి రాబడితో వీళ్లను చూసుకోవాలన్న ఆమె బిల్లు కాంగ్రెస్ ఉభయసభల్లో నెగ్గింది. 1854లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ దాన్ని వీటో చేశాడు. ఈ భారం కేంద్రానిది కాదు, రాష్ట్రాలదేనన్నాడు. ఆ ఒక్క సంతకంతో వందేళ్లకు దారి ఖాయమైంది. ప్రతి రాష్ట్రమూ తన పిచ్చాసుపత్రిని తానే కట్టుకోవాలి, తన బడ్జెట్‌తో తానే నడుపుకోవాలి. వెస్టన్ మేడ ఆ దారిలో లేచిందే.

కిటికీలో దాచిన ఇనుము

ఇప్పుడు 1881. పని ముగిసింది. ఏరు దాటి, పచ్చిక మధ్యలో బండిబాట మీద నడవండి. ఎదురుగా నడిమి భవనం, దాని మీద 200 అడుగుల గడియార స్తంభం. అది పదేళ్ల కిందటే పూర్తయింది. అటూ ఇటూ రెక్కలు. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు పావు మైలు.

పక్కకు వెళ్లి చూస్తే కట్టడం ఆకారం అర్థమవుతుంది. రెక్కలు ఒకే గీతలో లేవు. నడిమి భవనం ముందుంది. దాని పక్క వార్డు కాస్త వెనక్కి జరిగింది, ఆ పక్కది ఇంకాస్త వెనక్కి. పైనుంచి చూడగలిగితే ఆకాశంలో కొంగల బారు కనిపిస్తుంది. ఇది అందం కోసం చేసింది కాదు. ప్రతి వార్డూ పక్క వార్డును దాటి కొంత బయటికి ఉంటుంది కాబట్టి, ప్రతి నడవాకూ రెండు కొసల్లోనూ వెలుతురు, గాలి అందుతాయి.

ఈ నమూనా ఫిలడెల్ఫియా వైద్యుడు థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్‌ది. క్వేకర్ మతస్థుడు. 1844లో పదమూడు మంది పిచ్చాసుపత్రి సూపరింటెండెంట్లు కలిసి పెట్టుకున్న వృత్తి సంఘంలో ఒకడు. మానసిక రోగుల ఆస్పత్రిని ఎలా కట్టాలో, ఎలా నడపాలో 1854లో పుస్తకం రాశాడు. ఆయన నమ్మకం సూటిగా ఉంటుంది: ఇంటి గొడవ, ఊరి రద్దీ, బతుకు ఒత్తిడి మనసును చెడగొట్టాయి, కాబట్టి మంచి ఇల్లు, క్రమమైన దినచర్య, పని, మర్యాద దాన్ని బాగుచేస్తాయి. ఆయన లెక్కలో రోగికి మొదటి మందు కట్టడమే. 1849లో ఒక పాత రోగి ఆయన మీద తుపాకీ పేల్చాడు. బతికి బయటపడి మళ్లీ పనిలోకి వచ్చాడు. భార్య పోయాక, 1866లో, తన ఆస్పత్రిలోనే చికిత్స పొందిన ఎలైజా బట్లర్‌ను పెళ్లి చేసుకున్నాడు. మతి చలించిన మనిషి మళ్లీ మామూలు మనిషి అవుతుందని ఆయన ఊరికే చెప్పలేదు.

తలుపు తోసి లోపలికి రండి. నడిమి భవనంలో ఆఫీసులు, బంధువులు వచ్చి కూర్చునే గది, పైన సూపరింటెండెంటు కుటుంబం కాపురం. డాక్టరు, భార్య, పిల్లలు రోగులున్న కప్పు కిందే ఉండాలన్నది నియమం. ఒక పక్క రెక్కలు మగవాళ్లవి, రెండో పక్కవి ఆడవాళ్లవి.

నెమ్మదిగా ఉండేవాళ్లు నడిమి భవనానికి దగ్గరగా ఉంటారు. అరిచేవాళ్లు, కొట్టుకునేవాళ్లు రెక్క చిట్టచివర. నయమవుతున్న కొద్దీ రోగి వార్డు మారుతూ మధ్యకు వస్తాడు. ఒకరోజు ముందు తలుపులోంచి ఇంటికి వెళ్తాడు. నడకే చికిత్స ఎంతవరకు వచ్చిందో చెప్పేస్తుంది.

మీరు నిలుచున్న నడవా వెడల్పుగా ఉంది. కప్పు తలకు చాలా పైన. పన్నెండు అడుగులకు తగ్గకూడదని కర్క్‌బ్రైడ్ సంఘం 1851లోనే తీర్మానించింది. ఒంటరి గది ఎనిమిదికి పది అడుగులకు తగ్గకూడదు. కిటికీ లేని గది ఉండకూడదు. నేలమాళిగలో ఏ రోగినీ పడుకోబెట్టకూడదు. ప్రతి వార్డుకూ సొంత భోజనాల గది, కూర్చునే గది, స్నానాల గది. వంటింటి నుంచి అన్నం తాడు మీద పైకి లాగే పెట్టెలో వస్తుంది. వంటవాళ్లతో మాట్లాడటానికి గోడలో గొట్టం.

కిటికీ దగ్గరికి రండి. తెల్లరంగు వేసిన మామూలు ఇంటి కిటికీలా ఉంది. ఊచలు లేవు. వేలితో తట్టండి. అద్దాలు పట్టి ఉంచిన చట్రం చెక్క కాదు, పోత ఇనుము. కిటికీ కొన్ని అంగుళాలే తెరుచుకుంటుంది, అందులోంచి మనిషి దూరడు. ఊచలు చూసి రోగి తనను జైల్లో పెట్టారనుకోకూడదని కర్క్‌బ్రైడ్ చెప్పిన ఉపాయమిది. తోట చుట్టూ ప్రహరీ తప్పదు, కానీ కట్టడంలోంచి చూసేవాడి కంటికి ఆ గోడ ఇబ్బందిగా కనబడని చోట కట్టాలన్నదీ ఆ తీర్మానాల్లోదే. బంధించడం తప్పదని వాళ్లకు తెలుసు. ఆ బంధం కంటికి కనబడకూడదనుకున్నారు. ఇందులో దయ ఎంత, మాయ ఎంత అన్నది ఈ కిటికీ ముందు నిలబడ్డ ప్రతి ఒక్కరికీ కలిగే ప్రశ్న.

ఆ దయకు రంగు పట్టింపు కూడా ఉంది. నల్లజాతి రోగులకు ఇక్కడ 1873లో విడిగా గదులు కట్టారు.

ఇన్ని నియమాల మధ్య అన్నిటికీ మూలస్తంభం ఒక అంకె. ఒక కప్పు కింద 250 మందికి మించి రోగులు ఉండకూడదు. 200 అయితే మరీ మంచిది. సూపరింటెండెంటు ప్రతి రోగినీ పేరుపేరునా ఎరిగి ఉండాలి, రోజూ చూడాలి. అంతకు మించితే అది సాధ్యం కాదు. వెస్టన్‌ను ఆ లెక్కతోనే, 250 మందికే కట్టారు.

కానీ మీరు నడుస్తున్న ఈ నడవాలో సందడి ఎక్కువగానే ఉంది. నిరుడు, 1880లో, ఇక్కడి రోగుల సంఖ్య 717. ఆఖరి రాయి పెట్టకముందే మేడ నిండి పొర్లిపోయింది.

రిజిస్టరులో కారణాలు

వీళ్లంతా ఎక్కడి నుంచి వచ్చారు? ఆఫీసు గదిలో బల్ల మీదున్న రిజిస్టరు తెరవండి. రోగాన్ని రేపిన కారణమేమిటని కుటుంబం చెబితే అది రాసుకునేవాళ్లు. 1864 నుంచి 1889 వరకు రాసిన ఆ కారణాల్లో కొన్ని చదవండి. యుద్ధం. దుఃఖం. భర్త వదిలేయడం. ప్రేమలో ఆశాభంగం. మతావేశం. రాజకీయ ఉద్రేకం. గుర్రం తల మీద తన్నడం. సోమరితనం. నవలలు చదవడం.

ఇవాళ మనకు నవ్వొస్తుంది. నవలలు చదివితే పిచ్చాసుపత్రిలో వేశారట అని ఈ జాబితా అచ్చేసిన చొక్కాలు కూడా అమ్ముతున్నారు. అయితే ఇవి వైద్యుడు తేల్చిన రోగాల పేర్లు కావు. ఇంటివాళ్లకు తోచిన సాకులు. చలనం లేని మనిషిని సోమరి అన్నారు, నాలుగు నెలలుగా గదిలోంచి రాని కూతురి చేతిలో పుస్తకం చూసి నవల అన్నారు. ఇంట్లో ఎవరికైనా మనసు చెడితే గాలి సోకిందనీ, చేతబడి జరిగిందనీ, పరీక్షలకు ఎక్కువ చదివిందనీ చెప్పుకునే మనకు ఈ రిజిస్టరు పరాయిది కాదు.

సంఖ్య పెరగడానికి ఇంకా గట్టి కారణాలున్నాయి. ముసలితనంతో మతి తప్పినవాళ్లను, మూర్ఛరోగులను, సవాయి రోగం మెదడుకెక్కినవాళ్లను, తాగుబోతులను స్థానిక అనాథగృహంలో ఉంచితే ఖర్చు కౌంటీది. రాష్ట్ర ఆస్పత్రికి పంపితే రాష్ట్రానిది. ఏ కౌంటీ అయినా ఏం చేస్తుంది? నయమై వెళ్లేవాళ్లు కొందరు, ఎప్పటికీ వెళ్లనివాళ్లు ఎందరో. ప్రతి ఏడూ మిగిలిపోయినవాళ్లు పేరుకుపోయారు.

సూపరింటెండెంట్ల సంఘం 1866లోనే చేతులెత్తేసి, పరిమితిని 250 నుంచి 600కు పెంచింది. కర్క్‌బ్రైడ్‌కు అది నచ్చలేదు. 1877లో ఆ సంఘానికే చెందిన ప్లైనీ ఎర్ల్ ఇంకో బాంబు పేల్చాడు. నూటికి ఎనభై తొంభై మందికి నయం చేస్తున్నామని ఆస్పత్రులు చెప్పుకున్న లెక్కలన్నీ తిరగేసి, ఒకే రోగి నయమై వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్తే ప్రతిసారీ ఒక కొత్త నయం కింద రాసుకున్నారని చూపించాడు. అసలు సంఖ్య చాలా తక్కువ. శాసనసభ్యులకు కావలసింది దొరికింది. నయం కానివాళ్లకు పన్నెండు అడుగుల కప్పు, పూలతోట ఎందుకన్నారు. 1883లో కర్క్‌బ్రైడ్ చనిపోయేనాటికి కొన్ని రాష్ట్రాలు చవకగా కట్టే విడి కుటీరాల వైపు మళ్లుతున్నాయి. వెస్టన్ మాత్రం రాయి. దాన్ని మార్చలేరు. అందులో మంచాలు పెంచగలరు, అంతే.

నడవాలో మంచాలు

1949. చలికాలం రాత్రి. ఊరి పేరుతో ఇప్పుడిది వెస్టన్ స్టేట్ హాస్పిటల్. చుట్టూ 666 ఎకరాలు. సొంత పొలం, పాలకేంద్రం, నీటి సరఫరా, 1902లో తవ్విన గ్యాస్ బావి, వెనక శ్మశానం. లోపల 1,800 మందికి పైగా రోగులు.

నడవాలోకి అడుగుపెట్టగానే మీ మోకాలికి మంచం తగులుతుంది. గదులు నిండిపోయి మంచాలు నడవాలోకి వచ్చాయి. రెండు మంచాల మధ్య నడవడానికి చోటు లేదు. గాలి ఆడాలని, వెలుతురు పడాలని, రోగులు షికారు చేయాలని వెడల్పుగా కట్టిన నడవా ఇది. మూత్రం వాసన. ఎక్కడో ఒక బల్బు. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఒకే మాటను పదేపదే అంటున్నారు. ఒంటరి గది తలుపు తోస్తే, ఎనిమిదికి పది అడుగుల్లో ఒక్కరికి బదులు ఎందరో.

చార్లెస్టన్ గెజెట్ పత్రిక ఆ ఏడు వరసగా కథనాలు వేసింది. పారిశుద్ధ్యం లేదు, సామాను చాలదు, దీపాలు చాలవు, వెచ్చదనం లేదు అని రాసింది. వింత ఏమిటంటే ఇదే ఆవరణలో ఒక రెక్క మాత్రం బాగుంది. 1935లో ఒక రోగి నిప్పు పెడితే తగలబడిన భాగాన్ని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హయాంలోని ఉపాధి పథకం డబ్బుతో మళ్లీ కట్టారు. ఆ రెక్కలోకి వెళ్తే వేరే ఆస్పత్రికి వచ్చినట్టుంటుంది. రోగులు వాళ్లే, సిబ్బంది వాళ్లే, ఊరూ అదే. తేడా అంతా ఎప్పుడో ఒకసారి పడ్డ కేంద్రం సొమ్ముది.

అంతకు పదకొండేళ్ల ముందు, 1938లో, వైద్య సంఘాల కమిటీ ఒకటి ఇక్కడికొచ్చి చూసింది. అప్పటికి 1,661 మంది. వాళ్లలో మూర్ఛరోగులు, తాగుబోతులు, మత్తుమందుకు అలవాటుపడ్డవాళ్లు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు కలగలిసి ఉన్నారని నివేదిక రాసింది. ఎవరికి ఏ చికిత్సో విడదీసే మనిషే లేడు. 1950లలో సంఖ్య 2,400 దాటింది. కట్టిన లెక్కకు దాదాపు పదింతలు.

రెండు వారాల్లో 228 మంది

1952 వేసవి. ఉదయం. వార్డులో ఒక గదిని ఖాళీ చేశారు. వాషింగ్టన్ నుంచి వాల్టర్ ఫ్రీమన్ వచ్చాడు. న్యూరాలజిస్టు, శస్త్రవైద్యుడు కాదు. బయట బెంచీ మీద రోగులు వరసగా కూర్చున్నారు.

ఒక్కొక్కరినీ లోపలికి తెస్తున్నారు. కరెంటు షాకు ఇచ్చి స్పృహ తప్పిస్తారు. ఫ్రీమన్ కనురెప్ప ఎత్తి, కనుగుడ్డుకు పైన సన్నని ఇనుప పనిముట్టు ఆనించి, చిన్న సుత్తితో కొడతాడు. కంటి గూటి పైనున్న పల్చటి ఎముక చిట్లుతుంది. పనిముట్టును మెదడులోకి దించి, అటూ ఇటూ ఊపి, బయటికి లాగుతాడు. రెండో కంటికీ అంతే. కొద్ది నిమిషాల పని. కోత లేదు, కుట్టు లేదు. రెండు కళ్లూ నల్లగా కమిలిన మనిషిని మంచం మీదికి తీసుకెళ్తారు, బెంచీ మీద తర్వాతి మనిషి లేస్తాడు.

మూడేళ్ల ముందే, 1949లో, మెదడు ముందుభాగాన్ని కోసే శస్త్రచికిత్సకు ఆద్యుడైన పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మొనీజ్‌కు నోబెల్ ఇచ్చారు. కాబట్టి ఇది ఎవరో పిచ్చివాడి చాటుమాటు పనిగా ఆనాడు ఎవరికీ అనిపించలేదు. వెస్ట్ వర్జీనియా రాష్ట్రమే రమ్మంది. వెస్టన్ సహా ప్రభుత్వ ఆస్పత్రులు తిరిగి రెండు వారాల వ్యవధిలో 228 మందికి ఈ పని చేశాడు. రాష్ట్రం ఆశించింది ఒకటే. నెమ్మదించిన రోగిని ఇంటికి పంపవచ్చు, మంచం ఖాళీ అవుతుంది. 250 అనే అంకెను దాటనిచ్చిన ప్రభుత్వం, దాన్ని తగ్గించుకోవడానికి రోగుల మెదడులో దారి వెతికింది.

కొందరు ఇంటికి వెళ్లారు. వెళ్లినవాళ్లలో చాలామందికి పాత కోపంతో పాటు పాత మనిషీ పోయాడు.

తాళం పడిన రోజు

1954లో క్లోర్‌ప్రొమజీన్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. మొదటిసారిగా, అరుపులతో నిండిన వార్డు మందుతో సద్దుమణిగింది. 1955లో దేశవ్యాప్తంగా రాష్ట్ర మానసిక ఆస్పత్రుల్లో 5 లక్షల 59 వేల మంది ఉన్నారు. అదే శిఖరం. 1963 అక్టోబరులో అధ్యక్షుడు కెనెడీ ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు పెట్టే చట్టం మీద సంతకం చేశాడు. పెద్ద ఆస్పత్రులు ఖాళీ చేయాలి, రోగి తన ఊళ్లో, తనవాళ్ల దగ్గర చికిత్స పొందాలి. ఆలోచన మంచిది. 1965లో వచ్చిన మెడికెయిడ్, పెద్ద మానసిక ఆస్పత్రుల్లోని పని వయసువాళ్లకు కేంద్రం డబ్బు ఇవ్వనంది. దాంతో రాష్ట్రాలు రోగులను బయటికి పంపడంలో ఎక్కడలేని చురుకుదనం చూపించాయి. ఊళ్లలో కట్టాల్సిన కేంద్రాలు మాత్రం అనుకున్నన్ని లేవలేదు.

1994 మే నెలలో వెస్టన్‌లో ఉన్నారు మీరు. మిగిలిన రోగులను ఇదే ఊళ్లో కట్టిన కొత్త ఆస్పత్రికి తరలిస్తున్నారు. సంచీ చేతబట్టుకుని బస్సెక్కుతున్నవాళ్లలో ఈ గోడల మధ్యే ముసలివాళ్లైనవాళ్లు ఉన్నారు. 130 ఏళ్ల తర్వాత తలుపుకు తాళం పడింది.

అప్పటికి నాలుగేళ్ల ముందే కేంద్రం ఈ మేడను జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. రాయికి గౌరవం దొరికింది, మరమ్మతుకు డబ్బు దొరకలేదు. 2007 ఆగస్టులో వేలం వేస్తే, ఒక కాంట్రాక్టరు 15 లక్షల డాలర్లకు కొన్నాడు.

టార్చిలైటు వెలుగులో

ఇవాళ మీరు టికెట్టు కొని లోపలికి వెళ్లవచ్చు. 1863లోనే వదిలేసిన ట్రాన్స్-అలెగెనీ లూనటిక్ అసైలమ్ అనే పాత పేరును బోర్డు మీదికి మళ్లీ తెచ్చారు. పగలు చరిత్ర చెప్పే టూరు, రాత్రి దయ్యాల టూరు. పెచ్చులూడిన నడవాలో పాతికమంది టార్చిలైట్లు పట్టుకుని నడుస్తుంటారు. ఎవరి ఆత్మ ఏ గదిలో తిరుగుతుందో గైడు చెబుతాడు. అమ్మాయిలు కెవ్వుమంటారు, నవ్వుకుంటారు. ఆ పేరు, ఆ దయ్యాల వ్యాపారం మానసిక రోగులను అవమానించడమేనని వాళ్ల హక్కుల కోసం పనిచేసేవాళ్లు అభ్యంతరం చెప్పారు. టికెట్ల డబ్బుతోనే కప్పు మరమ్మతు జరుగుతోందన్నది యజమాని పక్షం. రెండు మాటలూ నిజమే.

మిగతా కర్క్‌బ్రైడ్ మేడల దారి కూడా చూడండి. మాసచూసెట్స్‌లోని డాన్వర్స్‌ను చాలావరకు కూల్చి, ముందు గోడ నిలిపి, అపార్టుమెంట్లు కట్టారు. న్యూజెర్సీలోని గ్రేస్టోన్‌ను 2015లో నేలమట్టం చేశారు. వాస్తుశిల్పి హెచ్. హెచ్. రిచర్డ్‌సన్ గీసిన బఫలో ఆస్పత్రి నడిమి భవనం 2017లో హోటలైంది. ఒకప్పుడు చేర్చుకోమని బతిమాలుకున్న చోటే గది అద్దె కట్టి దిగారు.

రోగులు ఏమయ్యారు? 2016 నాటికి దేశం మొత్తం మీద రాష్ట్ర ఆస్పత్రుల్లో మిగిలిన పడకలు 38 వేల దరిదాపు. జనాభా మాత్రం 1955 కంటే దాదాపు రెట్టింపు. ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ జైలును, షికాగోలోని కుక్ కౌంటీ జైలును దేశంలోని అతి పెద్ద మానసిక చికిత్సా స్థలాలుగా చెప్పుకుంటున్నారు. డొరొతియా డిక్స్ 1841లో ఎక్కడి నుంచి ఇలాంటివాళ్లను బయటికి తేవాలని పూనుకుందో, అక్కడికే మళ్లీ చేర్చారు.

మన లెక్క

వెస్టన్ గడియార స్తంభం పూర్తయిన 1871లోనే మద్రాసు కీల్పాక్‌లో ప్రభుత్వ పిచ్చాసుపత్రి ఇప్పుడున్న చోట మొదలైంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి. కాబట్టి అక్కడికి చేరినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. తర్వాత విశాఖ చినవాల్తేరు, హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రుల పేర్లు మన నోట్లో ఎగతాళి మాటలయ్యాయి. ఎవరైనా తిక్కగా మాట్లాడితే అక్కడికి పంపాలంటాం. 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 37 ఆస్పత్రుల తీరు చూసి, చాలాచోట్ల జైలు పోలిక ఇంకా పోలేదని నివేదిక ఇచ్చింది. కర్క్‌బ్రైడ్ దాచమన్న గోడను మన దగ్గర దాచాలని కూడా అనుకోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. రోగికి సమాజంలో అందరితో కలిసి బతికే హక్కుందని రాసింది. కాగితం మీద మనం 1963 నాటి కెనెడీ మాట దగ్గర ఉన్నాం. ఆ మాట వెనక డబ్బు రాకపోతే ఏమవుతుందో అమెరికా జైళ్లు చెబుతున్నాయి.

వెస్టన్‌లో రాయి తప్పు చేయలేదు. ప్లాను తప్పు చేయలేదు. తొలి ఇరవై ఏళ్లలోనే ప్రభుత్వం 250 అనే అంకెను గాలికొదిలింది. ఆ తర్వాత వచ్చిన దుర్గంధం, చీకటి, ఇనుప పనిముట్టు, తాళం అన్నీ దాని వెనకే వచ్చాయి.

అందుకే మీ జిల్లాలో మానసిక వైద్యశాలకు శంకుస్థాపన చేస్తామని మంత్రిగారు ప్రకటించిన రోజున, ఎన్ని అంతస్తులు, ఎన్ని కోట్లు అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఎంతమందికి మించి చేర్చుకోరు, ఒక నర్సుకు ఎంతమంది రోగులు, నయమై ఇంటికి వెళ్లినవాళ్లను ఊళ్లో ఎవరు చూస్తారు, అందుకు బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని అడగండి. జవాబు రాతలో రాకపోతే మళ్లీ అడగండి.